మసక డిస్కు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ పిచ్చుకా కులాసా. ఓడలో మీరెలా ఉన్నారో, ఇంజను గదిలో వంగి వంగి తెచ్చుకున్న ఆ నడుంనొప్పి తగ్గిందో లేదో రాయండి.

మీ ఉత్తరం నిన్న అందింది. ముందు మీరడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగయింది. పిచ్చుకకి పైపన్ను ఒకటి ఊడింది, రెండోది ఊగుతోంది. వీడియో కొట్టు బాగానే నడుస్తోంది. పాత పెళ్లి క్యాసెట్లు తెచ్చి "కొత్తవాటిలా చేసివ్వమ్మా" అనేవాళ్లే ఎక్కువ. ఒకాయన తన బట్టతల కూడా సరిచెయ్యమన్నాడు.

ఇక మీ చివరి ప్రశ్న. "కొత్త కెమెరా కొన్నానన్నావు, పిల్ల బడి నాటకం పొగలో తీసినట్టుందేం? మా ఆవిడ పనిమంతురాలని గొప్పలు చెప్పి డిస్కు పెడితే అందరూ నవ్వారు" అని రాశారు.

నాకు తల కొట్టేసినట్టయింది. మీ ఓడలో ఉన్నది పాత డీవీడీ పెట్టె కాబట్టి హెచ్‌డీ బొమ్మని కుదించక తప్పదు. కుదిస్తే కొంత పోతుంది, కానీ అంత పోదు. గంటకి మించకుండా కత్తిరించి, కంప్యూటరు చేత వీడియో అంతా ఒకసారి చదివించి, రెండోసారి డిస్కుకి తగ్గట్టు మార్పిస్తే కనురెప్పలు కూడా తెలుస్తాయి. నేను నాటకంతోపాటు రిహార్సళ్లన్నీ కలిపి నాలుగు గంటలు ఒకే డిస్కులో కుక్కాను. పని రాక కాదండీ, కావాలనే చేశాను.

మీరు ఓడెక్కిన రెండో నెలలో, ఒక పగటిపూట, ఎవరిదో పెళ్లి వీడియో మారుస్తూ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. వెనకాల పిచ్చుక కెమెరా స్టాండు పట్టుకుని ఎక్కబోయింది. స్టాండు దానిమీద పడి ఎడమ చెంప చీరుకుపోయింది. అమ్మా అని ఎన్నిసార్లు పిలిచిందో నాకు తెలీదు. తెరమీద తొంభై శాతం, తొంభై ఒకటి అని చూస్తూ ఉన్నాను. అది వచ్చి నా మోచెయ్యి పట్టుకుంటే తడిగా తగిలింది. ఏడు కుట్లు పడ్డాయి. కంటికేమీ కాలేదు. మచ్చ మాత్రం కంటి కింద నుంచి పెదవి దాకా ఉంది, పోదట.

ఫోనులో చెప్పబోయి ప్రతిసారీ కుళాయి గురించి చెప్పాను. నాన్నకి చెప్పనని దానిచేత ఒట్టు కూడా వేయించుకున్నాను. అది తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

నిన్న మీ ఉత్తరం చదివి వినిపిస్తే, ఆ డిస్కు చూస్తానంది. పెట్టాను.

"ఇందులో నేనేది?"

"అదిగో, రాజు వేషం వేసిన పిల్లాడి పక్కన."

"అది నేను కాదు. నా గీత లేదు." కాసేపు చూసి నావైపు తిరిగింది. "నన్ను నాన్నకి చూపించడానికి నీకు సిగ్గా అమ్మా?"



ఇవాళ పొద్దున దాన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి కొత్త వీడియో తీశాను. పదకొండు నిమిషాలే. డిస్కులో ఇంకేమీ పెట్టలేదు. నేను చెప్పకుండానే ఎడమ చెంప కెమెరా వైపు తిప్పింది. ఊడిన పన్ను సంగతి చెప్పి, ఊగేదాన్ని నాలుకతో ఆడించి చూపించింది. ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను.

నన్ను తిట్టాల్సినవి తర్వాత తీరిగ్గా తిట్టండి, పడతాను. ముందు దాని పేరున విడిగా ఒక ఉత్తరం రాయండి. ఈసారి బొమ్మ స్పష్టంగా ఉందని, పిచ్చుకే అని చూడగానే తెలిసిందని రాయండి.

ఇట్లు,
మీ పిచ్చుక వాళ్లమ్మ