వర్తించనిది కొట్టివేయవలెను

గెడ్డవలస,
3-10-1968

చిరంజీవి లక్ష్మణరావుకి, మావ జగన్నాధం దీవించి, ఎవుడి సేతా రాయించకుండా సొంతంగా రాసిన ఉత్తరం.

నాను, మీ అత్త అసిరమ్మ, ఎడ్లు రెండూ బాగున్నాం. వరి బాగోనేదు. పొట్ట మీదున్నాది. ఈ నెల్లో రెండు తడులు పడితే గింజ, పడకపోతే తాలు. ఆ ఎకరన్నరా పోతే ఏడాదంతా బియ్యం కొనుక్కు తినాల.

నీళ్లు నేక కాదు. గెడ్డ నిండా పారతన్నాది. కాలవ మొదట్లో చినబాబు పొలం, ఆకర్న నాది. ఆడు కాలవకి నీళ్లొదిలే మదుం మూసీసి, దాని మీద నులకమంచం ఏసుకుని కూకున్నాడు. కూడు కూడా అక్కడికే తెప్పించుకుంటన్నాడు. "ఏటి చినబాబూ, నా వంతు ఎప్పుడు?" అనడిగితే, "నా పొలం తాగీసినాక, బావా" అన్నాడు. పదకొండు రోజులై తాగతానే ఉన్నాది.

అర్జీ పెడదామనుకుంటన్నాను. తెలుగులో పెడితే గుమస్తాకి అర్థమైపోయి అక్కడే పక్కనెట్టేస్తాడు. ఇంగ్లీషైతే అర్థమయ్యే మనిషి దొరికేదాకా పైకెల్తాది. నువ్వు బొబ్బిల్లో ఆఫీసులో టైపు కొట్టే మనిషివి. అన్యాయం అనడానికి గట్టి ఇంగ్లీషు మాట ఒకటి సెప్పు. నా థర్డ్ ఫారం సదువుకి ‘బ్యాడ్’ ఒక్కటే తగుల్తన్నాది. అది సరిపోదు.

ఇట్లు
నీ మేలు కోరే మావ,
జగన్నాధం

తా.క. నా డిక్షనరీ తీసి సూసేను. ‘ఏ’ నుంచి ‘జే’ దాకా సెదలు తినీసినాయి. అవి కూడా మొదటి పేజీ నుంచీ వరసగా సదూకుంటూ వస్తన్నాయి.

*

బొబ్బిలి,
7-10-1968

మావయ్యకి, అత్తకి లక్ష్మణరావు నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఇంగ్లీషులో అన్యాయానికి మాటలు చాలా ఉన్నాయి, మావయ్యా. వాళ్లకి ఆ అవసరం ఎక్కువ పడింది కాబోలు. అయితే గట్టిదనం చూసి ఏరుకోకూడదు. మా ఆఫీసులో అర్జీ అంతా చదవరు. పైన ఏ మాట ఉందో చూసి ఆ సెక్షన్‌కి పంపేస్తారు.

‘ఇన్‌జస్టిస్’ అంటే మొత్తం అన్యాయం. అది రాస్తే కోర్టుకెళ్లమంటారు. తీర్పొచ్చేసరికి ఆ పొలం మీ మునిమనవలు దున్నుతుంటారు. ‘హెరాస్‌మెంట్’ అంటే మాటిమాటికీ మీదికొచ్చి వేధించడం. పోలీసులొచ్చి, ఎన్నిసార్లు వచ్చాడో చెప్పమంటారు. ‘డిస్క్రిమినేషన్’ అంటే ఒకరికిచ్చి ఇంకొకరికి ఇవ్వకపోవడం. ‘పార్షియాలిటీ’ అంటే ఒకడి వైపు మొగ్గడం. ‘అప్రెషన్’ అని ఇంకొకటుంది, బలమున్నవాడు లేనివాణ్ణి అణగదొక్కడం. వినడానికి అన్నిట్లోకీ అదే గట్టిది. దయచేసి అది మాత్రం రాయొద్దు. కొండల్లో గొడవలవుతున్నాయి కదా, ఆ మాట కనబడితే మీకు నీళ్లు రావు, రిజర్వు పోలీసు జీపు వస్తుంది.

చినబాబు చేసింది సరిగ్గా ఏమిటో రాయండి. దానికి తగిన మాట నేను తేలుస్తాను.

ఇట్లు
మీ మేనల్లుడు,
లక్ష్మణరావు

తా.క. ‘బ్యాడ్’ వద్దు. నీళ్ల అర్జీలో ఆ మాటుంటే ఆరోగ్యశాఖ వాళ్లొచ్చి మీ నూతిలో బ్లీచింగ్ పౌడరు చల్లి వెళ్లిపోతారు.

*

గెడ్డవలస,
10-10-1968

చిరంజీవి లక్ష్మణరావుకి దీవెనలు.

నీ మాటలన్నీ చినబాబుకి తొడిగి సూసేను. ఒక్కటీ పట్టడం నేదు.

ఆడు నా మీదికి రాడు. మంచం దిగితే కదా! ఒకరికిచ్చి నాకివ్వకపోవడం అన్నావు. నా పక్క పొలాలు గంగులువీ, లక్ష్మణమ్మవీ. ఆళ్లకీ ఇవ్వడు. ఆ ఇసయంలో అందర్నీ సమానంగానే సూస్తాడు, మనం అబద్దం ఆడకూడదు. బలమున్నోడు అన్నావు. ఆడికి నడుం నొప్పి. మొన్న తిట్టడానికని ఎల్తే, "బావా, కాస్త సెయ్యియ్యి" అన్నాడు. లేవదీసి వచ్చీసేను. తిట్టడం మరిసిపోనాను. పక్షపాతం మాత్రం ఉన్నాది, ఆడి పొలం మీద. నా పొలం మీద నాకూ ఉన్నాది.

నువ్వు మాట ఏరుకునే దాకా పైరు ఆగదు. ఆకులు సుట్టసుట్టుకుపోతన్నాయి. గంగులైతే పొలం ఏపు సూడ్డమే మానీసేడు. తెల్ల కాయితం మీద సంతకం పెట్టి పంపతన్నాను. ఏదో ఒకటి కొట్టీ.

ఇట్లు
మావ,
జగన్నాధం

తా.క. ఇంగ్లీషోళ్ల ఆడోళ్లు మొగుణ్ణి తిట్టడానికి ఏ మాట వాడతారో కనుక్కోమని మీ అత్త అడగమన్నాది. నాకు తెలీకుండా ఏరే కాయితం మీద రాయాలంట.

*

బొబ్బిలి,
14-10-1968

మావయ్యకి నమస్కారాలు.

ఒక్క మాట తేలక, ‘అప్రెషన్’ వదిలేసి తక్కిన నాలుగూ వరసగా టైపు కొట్టి అర్జీ పెట్టాను. మా సూపరింటెండెంటు గారు రెండు గంటలు ఆలోచించి, తన వంతుగా ‘ప్రెజుడిస్’ చేర్చారు. "ఇందులో ఏది నిజమో మనకెలా తెలుస్తుందయ్యా? చేసినవాడికే తెలియాలి" అన్నారు. అందుకని ఇంగ్లీషులో నోటీసు చినబాబు పేరుమీదే పంపాం. అయిదు మాటలూ ఉన్నాయి. కింద ‘వర్తించనిది కొట్టివేయవలెను’ అని ఉంది. అతను కొట్టేసి, సంతకం పెట్టి తిప్పి పంపాక, విచారణకి ఆఫీసరు వస్తారు. డిసెంబర్లో.

డిసెంబరు దాకా మీ పైరు ఉండదని నాకు తెలుసు. క్షమించండి మావయ్యా. నా చేతిలో ఉన్నది టైపు మిషను, మదుం కాదు.

ఇట్లు
లక్ష్మణరావు

తా.క. అత్త అడిగిన మాట వేరే కవర్లో పెట్టాను. మీరు డిక్షనరీలో వెతకొద్దు. అది ‘జే’ లోపలే ఉంది.

*

గెడ్డవలస,
20-10-1968

చిరంజీవి లక్ష్మణరావుకి మావ దీవెనలు. నువ్వేటీ బాధపడకు.

నోటీసు శుక్రవారం పొద్దున్న చినబాబుకి అందింది. ఈ ఊర్లో ఇంగ్లీషు కాయితం ఎవుడికొచ్చినా నా అరుగు మీదికి రావాల్సిందే. తెచ్చినోడు ఎవుడైనా నాను సదివి సెప్పాల్సిందే. ఇరవయ్యారు రోజులు కదలని మనిషి మంచం దిగి, ఒక సేత్తో నడుం, ఒక సేత్తో కాయితం పట్టుకుని వచ్చేడు.

"బావా, గవర్మెంటు నాకేటో ఇంగ్లీషులో రాసింది. సూడు" అన్నాడు.

ఆడి మీద నానెట్టిన అర్జీ ఆడికి నానే సదివి ఇనిపించేను. కోప్పడనేదు. "సరే, ఇందులో ఏది కొట్టీమంటావు?" అన్నాడు. అర్థం తెలీకుండా కొట్టీడం నేరం అన్నాను. అరుగు మీద సాప ఏసి కూకున్నాం.

హెరాస్‌మెంటు అంటే మీదికొచ్చి ఏదించడం అన్నాను. "నాను మంచం దిగితే కదా?" అని కొట్టీసేడు. పార్షియాలిటీ అంటే ఒకడి ఏపు మొగ్గడం అన్నాను. "నా పొలం ఏపు నాను మొగ్గకపోతే నువ్వు మొగ్గుతావేటి? అది ఉంచు" అన్నాడు. ప్రెజుడిస్ అంటే, మనిషిని తెలుసుకోకముందే ఆడు ఇలాటోడు అని అనీసుకోడం అన్నాను. "నిన్ను నలభయ్యేళ్లుగా సూస్తన్నాను. తెలుసుకునే అనుకున్నాను. కొట్టీ" అన్నాడు. ఇన్‌జస్టిస్ కాడ ఇద్దరికీ తగువొచ్చింది. లేచి బోంచేసి, మళ్లీ మొదలెట్టేం.

మాకు ఒడ్డించీసి మీ అత్త పార బుజానేసుకుని పొలం ఎల్లింది. మంచం ఖాళీ. దాన్ని పక్కకి జరిపి, మదుం తీసి, నాలుగ్గంటలు నీళ్లు పారించింది. గంగులు పొలం, లక్ష్మణమ్మ పొలం కూడా తడిపి, మళ్లీ మూసీసి, మంచం ఎప్పట్లాగే ఏసి వచ్చింది. పొద్దుగూకి చినబాబు ఎల్లి దాని మీద పడుకున్నాడు. మంచం కోళ్లకి బురద అంటితే ఆడికేటి తెల్సు? ఇదంతా మీ అత్త సెప్పేదాకా నాకు తెలీదని రాస్తన్నాను. ఎవుడైనా అడిగితే నువ్వూ అలాగే సెప్పు.

పైరు తేరుకున్నాది. గంగులు నిన్న గట్టు మీద నిలబడి నవ్వేడు.

ఇంకొక తడి కావాల. అంచేత మీ ఆఫీసోళ్లు తొందరపడి నాయం సెయ్యకండి. ఇచారణకి ఎవుణ్ణీ పంపకండి. ‘నీ జవాబు సరిగ్గా నేదు’ అని చినబాబుకి ఇంకో నోటీసు కొట్టు, వచ్చే శుక్రవారానికి అందేలాగ. ఈసారి పన్నెండు మాటలుండాల. ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉండేవి సూసి ఏరు. తేడా సెప్పడానికి పొద్దు పోవాల.

ఇట్లు
నీ మావ,
జగన్నాధం

తా.క. మేం సేసిన పనికి కూడా ఇంగ్లీషులో ఏదో ఒక మాట ఉండే ఉంటాది. ఆ పన్నెండిట్లో అది మాత్రం ఎట్టకు. ఆడు అర్థం నన్నే అడుగుతాడు.