తూర్పు కిటికీ గల గది

చిరంజీవి సౌభాగ్యవతియైన చెల్లెలికి అన్నయ్య మనసారా దీవించి వ్రాయునది.

మన తండ్రిగారు పరిష్కరిస్తూ సగంలో విడిచిపోయిన కావ్యానికి లోపించిన ఆఖరి పద్యాలు గల ఒకే ఒక వ్రాతప్రతిని ఈ ఉదయం నేను చేతులతో తాకాను. ఒక తరం మొదలుపెట్టిన పని మరొక తరం చేతిలో ముగింపుకు వచ్చిన దినమిది. దీనిని కేవలం ప్రయాణవార్తగా చదవవద్దు. నేను క్షేమం. నీవు, మీ వారు, పిల్లలు కుశలమని తలుస్తాను.

నీ క్రిందటి లేఖలోని ప్రశ్నలకు వరుసగా జవాబు చెబుతాను. మోకాలు ఈ ఉత్తరాది చలికి మొరాయిస్తున్నా గ్రంథాలయపు మెట్లు ఎక్కనిస్తోంది. నీవు అల్లిన ఉన్ని మేజోళ్ళు రెండు జతలూ ఒకదానిపై ఒకటి తొడుగుతున్నాను. బూట్లే ఒప్పుకోవడం లేదు. ఇక మూడవ ప్రశ్న. "ఇంతకీ ఎక్కడ దిగావు?" అని అడిగి, దాని క్రింద రెండు గీతలు గీశావు. మొదటి గీత ఆప్యాయత. రెండవ గీత చూడగానే నా అనుమానం బలపడింది.

అనుమానం అంతకు ముందే మొదలైంది. ఈ నగరంలో బసకు తగిన చోటు చెప్పమని నేను అడిగితే, ఇక్కడికి వచ్చి వెళ్ళినవారని నలుగురి ఉత్తరాలు పంపావు. ఒక ఉపాధ్యాయుడు, ఒక పళ్ళ డాక్టరు, ఒక విశ్రాంత న్యాయమూర్తి, ఒక కుట్టుపని ఆవిడ. నలుగురూ స్టేషను పక్కన హోటలు వద్దన్నారు. మెట్లవీధి చివర, పై అంతస్తు అద్దెకిచ్చే ఇంటినే మెచ్చుకున్నారు. అంతవరకు బాగానే ఉంది. కాని నలుగురూ ఒకే మాట వ్రాశారు: "సాయంత్రం పూట తూర్పు కిటికీలోంచి ఎండ నేరుగా వ్రాతబల్ల మీద పడుతుంది."

చెల్లీ, నలభై ఏళ్ళుగా వ్రాతప్రతులను సరిపోల్చి బతికినవాడిని. రెండు ప్రతులలో ఒప్పులు కలిస్తే ఏమీ రుజువు కాదు. ఒకే తప్పు రెండింటిలోనూ కనబడితే మాత్రం అవి రెండూ ఒకే మూలం నుంచి పుట్టినట్టు. సాయంత్రపు ఎండ తూర్పు నుంచి రావడం ఏ లోకంలో ఉంది? పైగా పళ్ళ డాక్టరు ఉత్తరంలో నీ పెద్ద కోడలి గుండ్రటి అక్షరాలు నన్ను చూసి నవ్వుతున్నాయి.

పడమరను తూర్పనేవాడు నాకు తెలిసి ఒక్కడే. నాన్నగారు పాఠానికి తూర్పు ముఖంగా కూర్చోమంటే పడమటికి తిరిగి కూర్చునేవాడు. నీవు భుజాలు పట్టుకుని తిప్పేదానివి. మన తమ్ముడు.

పందొమ్మిదేళ్ళుగా నాకు ఒక్క అక్షరమైనా వ్రాయనివాడు నాకోసం గది ఎందుకు సిద్ధం చేస్తాడు? నలుగురిలో నిలదీయడానికా? వ్రాతప్రతి సంగతి తెలిసి, నాకంటే ముందు తానే ప్రకటించడానికా? నీవెందుకు ఇందులో చేరావు? ఈ ప్రశ్నలతోనే స్టేషను పక్క హోటలులో దిగాను.

అక్కడి గుమాస్తా తాళంచెవి ఇస్తూ, "మాస్టారూ, గదికి కిటికీ ఉందండి. కాని తెరవకండి, మళ్ళీ మూతపడదు" అన్నాడు.

"మరి కిటికీ ఎందుకయ్యా?"

"ఉందని చెప్పుకోవడానికండి."

మూడు రోజులు ఆ గదిలో గడిపాను. పక్కగదిలో దగ్గే పెద్దమనిషిని సైతం తమ్ముడు పంపిన గూఢచారి అనుకున్నాను. నేను బయలుదేరినప్పుడల్లా ఆయన దగ్గు ఆగిపోయేది. తీరా విచారిస్తే, పాపం, నేను తలుపు గట్టిగా వేసిన ప్రతిసారీ ఉలిక్కిపడి ఆయన దగ్గు ఆగిపోతోందట!

నాలుగవ నాటి మధ్యాహ్నం గ్రంథాలయం సెలవు. మఫ్లరు ముక్కు దాకా చుట్టుకుని మెట్లవీధికి వెళ్ళాను. తలుపు తీసింది మన మరదలు. నేను ఆమె పెళ్ళికి వెళ్ళలేదు కనుక ఆమె నన్ను ఎరుగదు. పుస్తకాల వ్యాపారినని, గది చూడాలని చెప్పాను.

"పుస్తకాలు అమ్మేవారి వేళ్ళకి ఇంత సిరా ఎందుకండీ?" అంది. అనుమానించడం నా ఒక్కడి సొత్తు కాదని అప్పుడు తెలిసింది.

పైకి తీసుకువెళ్ళింది. కుర్చీ కాళ్ళ క్రింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచారు; మోకాలు మడవలేనివాడు కూర్చోవడానికి. తలవైపు రెండు దిండ్లు. దీపం బల్లకు కుడిపక్కన ఉంది. నేను ఎడమచేతి వాటం కదా, నీడ కాగితం మీద పడకుండా. దిక్కులు తెలియనివాడు ఇది మాత్రం తప్పలేదు. అది చూసి నా మనసు కరగవలసింది. కరగలేదు. ఇంత ఓపికగా వల పన్నుతున్నాడంటే ఎన్నాళ్ళ కసి ఉందో అనుకున్నాను.

"ఈ కిటికీ ఏ దిక్కమ్మా?" అని అడిగాను.

"పడమరండి. మా ఆయన మాత్రం తూర్పంటారు. పద్దెనిమిదేళ్ళుగా మొత్తుకుంటున్నాను, వింటేగా! సూర్యుణ్ణే సర్దుకోమంటారు."

అంతలో బడి సంచితో ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. పదహారేళ్ళుంటాయి. నుదురు నీదే. అలమరలోని ఒక పుస్తకం మీదికి నా చేయి వెళ్ళడం చూసి, "తాతగారూ, అది మాత్రం మెల్లగా తీయండి. మా పెదనాన్నగారి పుస్తకం. నాన్న మమ్మల్ని కూడా ముట్టుకోనివ్వరు" అంది.

పందొమ్మిదేళ్ళ క్రితం నేను అచ్చువేసిన మన కావ్యం. ముఖపత్రం మీద నా పేరు ఒక్కటే.

"మీ నాన్నగారు దీని గురించి ఏం చెప్పారమ్మా?"

"ఇలాంటి పని చేసేవాళ్ళు మన ఇంట్లో ఉన్నారని గర్వపడమన్నారు."

చెల్లీ, ఇప్పటిదాకా వ్రాయక దాచినది ఇక వ్రాస్తాను. తమ్ముడు నన్ను అవమానించి ఇల్లు విడిచాడని నీకు చెప్పాను. అది అబద్ధం. ఆ గ్రంథంలో చెదలు తిన్న నూట పన్నెండు చోట్ల అక్షరాలను ఊహించి నిలబెట్టినది వాడు. నాలుగేళ్ళు నా పక్కన కూర్చుని చేశాడు. ముఖపత్రం ప్రూఫులో రెండు పేర్లూ ఉన్నాయి. ఈ ఎడమచేత్తోనే రెండవ పేరు కొట్టివేశాను. ప్రెస్సులో వాడు, "అన్నయ్యా, నా పేరు మరిచిపోయినట్టున్నావు" అంటే, అచ్చు కూర్చేవాళ్ళందరూ వింటుండగా, "పక్కన కూర్చున్న ప్రతివాడూ పండితుడైపోతాడా?" అన్నాను. వాడు ఆ సాయంత్రమే వెళ్ళిపోయాడు. నోరు జారినవాడు వాడని నీవు ఇన్నేళ్ళు నమ్మావు. ఈ వారమంతా వాడి ప్రతి పనిలో నేను పగను వెదికానంటే, వాడి స్థానంలో నేనుంటే పగే పట్టి ఉండేవాడిని కనుక.

పుస్తకం చేతిలో ఉండగానే వాడు కూరగాయల సంచితో గుమ్మంలోకి వచ్చాడు. జుట్టు తెల్లబడింది. మఫ్లరు చుట్టుకున్నా నన్ను గుర్తుపట్టాడు. సంచి క్రింద పెట్టి, "కిటికీ నచ్చిందా అన్నయ్యా? తూర్పు ఎండ" అన్నాడు.

"పడమర!" అంది మరదలు అలవాటుగా. తరువాత 'అన్నయ్య' అన్న మాట చెవికెక్కి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

 నా నోట మొదట వచ్చినది నిందే. "నలుగురి పేర్లతో వ్రాయించావు. నీ పేరుతో ఒక్క ముక్క వ్రాయలేకపోయావురా?"

"నా పేరు కనబడితే నువ్వు కొట్టేస్తావుగా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కళ్ళు మాత్రం సంచిలోని కూరగాయల మీదే ఉన్నాయి.

నేను కూర్చున్నాను, వాడు ఎత్తు పెంచిన ఆ కుర్చీలోనే. అమ్మాయిని కలం అడిగాను. పుస్తకం తెరిచి, ముఖపత్రం మీద నా పేరుకు పైన వాడి పేరు వ్రాశాను. "ఎందుకు తాతగారూ?" అని ఆ పిల్ల అడిగితే, నూట పన్నెండు చోట్లనూ ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూపించాను. నలభయ్యవ చోటికి వచ్చేసరికి ఆ పిల్ల నన్ను పెదనాన్నా అంటోంది. వాడు క్రిందికి వెళ్ళి, చాలాసేపు పైకి రాలేదు.

మూడు రోజులుగా ఈ గదిలోనే ఉన్నాను. ఈ ఉదయం వ్రాతప్రతి చూడడానికి తమ్ముణ్ణి వెంట తీసుకువెళ్ళాను. రెండు పద్యాలలో వాడి ఊహే సరైనదని తేలింది. కొత్త ముద్రణకు ముఖపత్రం ఈసారి వాడి చేత వ్రాయిస్తాను. నా పేరు ఉంచడమా మానడమా వాడి ఇష్టం. నేను చెప్పిన అబద్ధాన్ని మన వాళ్ళందరికీ ఈ లేఖ చదివి వినిపించి నీవే సరిదిద్దు.

ఇప్పుడు సాయంత్రమైంది. తూర్పు కిటికీలోంచి ఎండ నేరుగా నా బల్ల మీద పడుతోంది. జన్మలో మొదటిసారి, తెలిసి తెలిసి ఒక తప్పు పాఠాన్ని దిద్దకుండా ఉంచుతున్నాను.

నీ మనుమలు, ఈ ఇంటి అమ్మాయి, వారి తరువాత మన గ్రంథాన్ని తెరవబోయే ప్రతి ఒక్కరూ పక్కన కూర్చుని పనిచేసినవారి పేరు పెద్దగా పలకగల మనసుతో, వెలుతురు తరగని గదులలో, నిండు నూరేళ్ళు వర్ధిల్లుదురు గాక!

ఇట్లు,
మీ ఇద్దరికీ అన్నయ్య