ఫూల్మతి మాట, నా నోట

జూలై 7, సోమవారం

కోళ్లఫారం సేటు ఫోన్. "అక్కా, జర దవాఖానకు రా. గామె ఏమంటుందో మాకెవలకు సమజైతలేదు." హిందీ అందరికీ వచ్చు. కానీ దవాఖానలో ఉన్న ఫూల్మతిది భోజ్‌పురి. మహారాష్ట్ర భీవండిలో, బీహారు కూలీల మగ్గాల పక్కన పెరిగినదాన్ని, ప్రజ్ఞాపూర్ మొత్తానికి ఆ భాష నాకొక్కదానికే వచ్చు. షాపు మూసి వెళ్లాను.

బీహారు నుంచి వచ్చి మర్కూక్ దగ్గర ఈ సేటు కోళ్ల షెడ్డులో మొగుడితో పనిచేస్తోందట. ఎడమ చెయ్యి విరిగింది. మొగుడు బిర్జు పక్కనే. ఎట్లా విరిగిందని డాక్టరమ్మ అడిగింది. "పడ్డాను" అంది ఫూల్మతి. "పడ్డదట మేడం" అన్నాను నేను.

కొంగు జారినప్పుడు మెడ మీద వేళ్ల గుర్తులు చూశాను. వాటి సంగతి చెప్పలేదు.

జూలై 8

చెప్పాల్సింది.

జూలై 11, శుక్రవారం

ఫూల్మతి షాపుకు వచ్చింది. దాణా ఆటోలో, ఒక్కతే.

"ఆ రోజు నువ్వు ఇంకోలా చెప్పి ఉంటే ఇంటికెళ్లాక చంపేవాడు, దీదీ." నీళ్లు తాగింది. పోలీసుల దగ్గరికి పోదామా అన్నాను. తల అడ్డంగా ఊపింది. "ముందు నా పిల్ల కావాలి." మూడేళ్ల మున్నీ షెడ్డులోనే ఉంది. ఈమె బయటికి రావాలంటే పిల్లను బిర్జు దగ్గర వదిలి రావాలి. అందుకే అదే ఆటోలో వెనక్కి వెళ్లిపోయింది. ఆపలేకపోయాను.

జూలై 12

సేటుకు ఫోన్ చేశాను. "గదంతా ఆలుమొగల లొల్లి అక్కా. వాడు పోతే షెడ్డు ఎవడు చూస్తడు?"

మా ఆయన: "మనకెందుకే?"

అయినా సిద్దిపేట మహిళా కేంద్రం మేడంకు ఫోన్ చేశాను.

జూలై 14, సోమవారం

మేడం, ఒక మహిళా కానిస్టేబుల్, నేను షెడ్డుకు వెళ్లాం. బిర్జు నవ్వుతూ మంచం వాల్చాడు. చాయ్ పెడతానన్నాడు...

"ఆమెకు ఏం కావాల్నో అడుగు" అంది మేడం. అడిగాను. ఫూల్మతి మొగుడిని చూస్తూ చెప్పింది: "చెయ్యి ఈయనే విరిచాడు. పిల్లను తీసుకుని పోతాను."

తెలుగులో చెప్తుంటే నేను నేల చూశాను. ఆమె చూపు తిప్పలేదు. "ఈమె అబద్ధం చెప్తోంది!" అని నన్ను చూపిస్తూ హిందీలో అరిచి బిర్జు నా మీదికి వచ్చాడు. కానిస్టేబుల్ అడ్డం నిలబడింది. మున్నీని ఎత్తుకుని మేడం జీపెక్కింది. ఆ వెనకే ఫూల్మతి.

జూలై 17

కేంద్రంలో ఎక్కువ రోజులు ఉంచరట. ఊరికి పంపిస్తామన్నారు. "అక్కడ ఆయన అన్నదమ్ములున్నారు. ఇక్కడే ఏదైనా పని చేసుకుంటాను" అంది ఫూల్మతి. కేసు మాత్రం ఇప్పుడే వద్దంది. ఎక్కడ ఉంటుందని మేడం నన్ను అడిగింది.

"మా షాపు యెనుక అర్ర ఖాళీగనే ఉన్నది." అనేశాను.

ఇద్దరినీ తీసుకుని ఇల్లు చేరి ఆ గది చూపించాక మా ఆయన మెల్లగా అన్నాడు: "నన్ను ఒక్క మాట అడగొద్దా?" నిజమే. అడగలేదు.

జూలై 21, సోమవారం

పొద్దుటి నుంచి ఎదురుగా బస్టాపులో బిర్జు. చేతిలో పిల్ల గౌను. మా ఆయన వెళ్లి వచ్చాడు. "ఏడుస్తుండు. బిడ్డను సూపియ్యమంటుండు." మేడంకు ఫోన్ చేశాను. బయల్దేరిందట.

ఇప్పుడు రోడ్డు దాటి వచ్చి మా మెట్టు మీదే కూర్చుని దగ్గుతున్నాడు. షట్టరు సగం దించాను.

లోపల ఫూల్మతి మున్నీకి అన్నం తినిపిస్తోంది. "బయట ఎవరు?" అంది.

"కస్టమర్."

"ఆయన దగ్గు నాకు తెలుసు, దీదీ."

లేవలేదు. ముద్ద చేతిలోనే ఉంది. "ఆయనకు ఒక మాట చెప్తావా?"

ఏం చెప్పమంటావు అన్నాను. ఆలోచిస్తోంది. షట్టరు పక్కన కూర్చుని రాస్తున్నాను, ఆమె నోరు విప్పేదాకా. ఏం చెప్తే అది, ఈసారి ఒక్క మాట తగ్గించకుండా చెప్తాను.