తడిసిన రాతినార

యాడికి
12-8-2001

అమ్మా హేమావతీ,

ఇంటి ఆస్‌బెస్టాస్ రేకుల కోసం రాతినార తీసే మన మిల్లులో ఇవాళ్టి నుంచి రాయిని నీళ్లతో తడిపి ఆడిస్తున్నారు తల్లీ! దుమ్ము లేవడం లేదు, ఎదుటి మనిషి ముఖం కనబడుతోంది. ఓనరు ముందు బెదరకుండా నువ్వు మాట్లాడినావే, అంతా ఆ మాట పుణ్యమే!

ఆ రోజు నేను కూడా నీతో వాదించినాను. "బెల్లం తింటే దుమ్ము కడుపులోకి జారిపోతాదిలే పాపా" అన్నాను. మేస్త్రీగా ఇరవై ఏండ్లు కూలోళ్లకు నా చేత్తో బెల్లం పంచినాను కదా. మీ అమ్మకు ఒక ముక్క ఎక్కువే పెట్టేవాణ్ని. అయినా దగ్గి దగ్గి పోయింది. "ఊపిరితిత్తుల్లో చేరిన నార బెల్లానికి కదలదు నాయనా" అన్నావు నువ్వు. నీ నర్సు చదువు ఎంత గొప్పదమ్మా!

20వ తేదీ సోమవారం మీ ఆసుపత్రి ఎక్స్‌రే బండి వస్తుందంటే కూలోళ్లందరికీ భయం, జబ్బు బయటపడితే పని పోతుందని. "ఏమప్పా మేస్త్రీ, ముందు నువ్వు పో. నీ ఎనకాల మేమొస్తాం" అనింది తిమ్మక్క. సరేనన్నాను. నా ఫోటోలో ఏమి కనబడినా, నాయన కదా అని దాచకుండా వాళ్లందరి ముందూ గట్టిగా చదువు తల్లీ.

మీ నాయన