వన్స్ మోర్

కువైట్, 1990 ఆగస్టు, శుక్రవారం రాత్రి

ఛీ! ఇవాళ నోట్లో ముద్ద పెట్టుకోబుద్ధి కాలేదు.

పొద్దున ఇరాకీ సైనికులు టీవీ కెమెరాతో వచ్చి బిల్డింగులో అందరినీ కింద నిలబెట్టారు. వాళ్లొచ్చాక సుఖంగా ఉన్నామని ఎవరో ఒకరు కెమెరా ముందు చెప్పాలట. అందరం తలలు దించుకున్నాం. కింది ఫ్లాటు పోలండ్ ముసలాయన ముందుకు నడిచాడు. కూతుర్ని చూడ్డానికి వచ్చి ఇరుక్కుపోయిన మనిషి, నలభై ఏళ్లుగా నాటకాల్లో, సినిమాల్లో నటుడు. పాపం, మమ్మల్ని కాపాడ్డానికే అనుకున్నాను.

సుఖంగా ఉన్నామని కన్నీళ్లతో చెప్పాడు. ఆఫీసరు "ఖలాస్" అన్నాడు.

"ఆగండి. మొహం మీద వెలుగు పడలేదు. మళ్లీ చేస్తాను," అన్నాడు ముసలాయన.

మా తెనాలిలో పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు. ఈయన తనకు తానే అనుకున్నాడు! రెండోసారి నన్నడక్కుండానే మా పాపను ఎత్తుకుని మరీ ఏడ్చాడు. రేపు కువైటీలు తిరిగొచ్చి ఆ బొమ్మ చూస్తే మా గతేమిటో...

సాయంత్రం తలుపు తట్టి, "రెండింట్లో ఏది బాగుంది?" అని అడిగాడు.

మొహాన తలుపు వేయబోయాను. వెనక నుంచి మా ఆయన, కాసేపు ఆలోచించి మరీ, "సెకండ్ వన్, సార్," అన్నారు.