మూడోది చెప్పను

మేనేజరు గారికి, మీ హాల్లో మూడో వరస ఏడో కుర్చీ తాత దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. మా ఆవిడ మా అమ్మాయి దగ్గర క్షేమం. అమ్మాయికి కవలలు పుడితే సాయం చేసొస్తానని వెళ్లింది. "ఇంకో నెల" అంటూ నాలుగు నెలలు దాటించింది. ఇంట్లో గోడగడియారం, నేనూ మిగిలాం. దాంతో ఎంతసేపని మాట్లాడను? చెప్పిందే చెబుతుంది.

అందుకే రోజూ మీ మ్యాట్నీకి వస్తున్నాను. ఎనభై కుర్చీలు, పదిమంది జనం, ఇల్లులాగే ఉంది. నా కుర్చీలో వెనక్కి వాలితే కిర్రుమంటుంది, అచ్చం మా ఆవిడ అటు నుంచి ఇటు తిరిగినప్పుడు మంచం కిర్రుమన్నట్టు. అది వింటేగాని నాకు కునుకు పట్టదు. మీ సినిమాలు కూడా నిద్రకి బాగానే సాయం చేస్తున్నాయి.

ఇట్లు, తాత

తా.క.: పోస్టాఫీసు దాకా మోకాళ్లు రామన్నాయి. మీ గేటు పక్కనున్న ఎర్ర పెట్టెలో వేస్తున్నాను. మా ఆవిడకి మంచి మాట చెప్పడం నావల్ల కాదు. కూర బాగుందంటే "అంటే నిన్నటిది బాలేదనేగా" అని ఆ కూరే మానేస్తుంది. మీకైతే హాయిగా చెప్పొచ్చు.

*

అయ్యా,

మా ఫిర్యాదుల పెట్టెలో మీరు వేసిన ఉత్తరం అందింది. పెట్టెలో పడిన ప్రతి కాగితానికీ మూడు రోజుల్లో మరమ్మతు జరగాలని మా ఓనరు గారి నాన్నగారు పెట్టిన నియమం. మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం. కుర్చీకి నూనె వేసి బోల్టులు బిగించాం. ఇక కిక్కురుమనదు.

ఇట్లు, మేనేజరు

తా.క.: సినిమాలు బాగుచేయడం మా చేతుల్లో లేదు.

*

మేనేజరు నాయనకి తాత రాస్తున్నది.

నూనె వేయమని నేనెప్పుడన్నాను? అన్నం బాగుందన్నవాడి ముందు నుంచి కంచం లాగేసినట్టుంది. కుర్చీ మూగనోము పట్టింది, నా కునుకు పోయింది. మొదటిసారి సినిమా మొత్తం చూడాల్సొచ్చింది. ఈ వయసులో అంత శిక్షా?

పోనీ, మీ టార్చిలైటు ఆవిడ ఉంది. నేను కాళ్లు చాపితే మొహం మీద లైటేసి, "ముడుచుకో ముసలాయనా, ఇదేమన్నా మీ ఇల్లనుకున్నావా?" అంటుంది. అలా తిడుతుంటే ఇల్లులాగే ఉందమ్మా, అనుకుంటాను. ఆ తిట్టు కోసమే చాపుతున్నాను.

ఇట్లు, తాత

తా.క.: ఇది ఫిర్యాదు కాదు. కింద గీత కూడా గీశాను చూసుకోండి.

*

అయ్యా,

మీ రెండో ఫిర్యాదు అందింది. కింద గీత ఉంది కాబట్టి అత్యవసరంగా భావించాం. మా ఉద్యోగిని దురుసుతనానికి క్షమించండి. ఇకపై ఆమె మిమ్మల్ని "సార్" అంటుంది. మీరు కాళ్లు చాపుకోవడానికి వీలుగా ముందు కుర్చీ పీకించేశాం.

ఇట్లు, మేనేజరు

తా.క.: లైటు ఇకమీదట పాదాల మీదే వేస్తుంది.

*

మేనేజరు బాబుకి తాత రాస్తున్నది.

నిన్న టార్చిలైటు ఆవిడ "సార్, దయచేసి సౌకర్యంగా కూర్చోండి" అంది. గుండె గుభేలుమంది. రోగం ముదిరితే తప్ప డాక్టర్లు కూడా అంత మర్యాదగా మాట్లాడరు. ఎంత చాపినా అడిగేవాళ్లు లేరు. పరాయి ఇంట్లోలాగా ముడుచుకుని కూర్చుని, ఇంటర్వెల్లో వచ్చేశాను. ఆ వేళప్పుడు నన్ను చూసి గడియారం కూడా కంగారుపడింది.

మా ఆవిడకి ఫోన్ చేశాను. "ఇంకో నెల" అంది. "నాకేం, హాయిగా ఉన్నాను" అన్నాను. "అంటే నేను లేకపోతేనే హాయన్నమాట" అని పెట్టేసింది.

మీ హాల్లో నాకు ఇంటిలాంటివి మూడు ఉండేవి. రెండింటిని బాగుచేసి చంపారు. మూడోది చెప్పను.

ఇట్లు, తాత

తా.క.: గుచ్చి గుచ్చి అడిగినా చెప్పను.

*

అయ్యా,

మూడో లోపం ఏమిటో మీరు చెప్పనందున హాలంతా విప్పి చూడక తప్పదు. సోమవారం నుంచి నెలపాటు హాలు మూసి కుర్చీలు, ఫ్యాన్లు, తెర, తలుపులు అన్నీ మార్చబోతున్నాం. ఆదివారంలోగా చెబితే ఆ ఒక్కటే బాగుచేస్తాం.

ఇట్లు, మేనేజరు

తా.క.: ఇదంతా ఎవరికోసం చేస్తున్నామో ఒక్కసారి ఆలోచించండి.

*

మేనేజరు గారికి, ఓడిపోయిన తాత రాస్తున్నది.

నెల రోజులు మూసేస్తే నేనెక్కడికి పోను? గడియారం ముందు కూర్చోలేను. అందుకని చెబుతున్నాను.

మూడోది మీరే.

బాగుందంటే బాలేదని వినడం, వద్దన్నకొద్దీ బాగుచేయడం, చివరికి "ఇదంతా ఎవరికోసం" అని అలగడం. మా ఇంట్లో నలభై ఆరేళ్లుగా జరుగుతున్నది ఇదే. మీ ఉత్తరం విప్పితే మా ఆవిడ వంటింట్లోంచి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఈ నాలుగు నెలల్లో నేను పైకి నవ్వింది మీ నూనె కబురు చదివినప్పుడే. ఎవరికి చెప్పుకోవాలో తెలియక గడియారానికి చదివి వినిపించాను.

ఆవిడ వచ్చేదాకా హాలు తెరిచే ఉంచండి.

ఇట్లు, తాత

తా.క.: ఈసారి పెట్టెలో వేయకూడదని టార్చిలైటు ఆవిడ చేతికివ్వబోయాను. "పెట్టె అక్కడుంది, కళ్లు కనపడవా ముసలాయనా" అంది. ప్రాణం లేచొచ్చింది. ఆవిడ మాట కొట్టేయలేక పెట్టెలోనే వేస్తున్నాను. ఆదివారంలోగా చెబితే ఆ ఒక్కటే బాగుచేస్తామన్నారు. నాయనా, మీరు మాత్రం బాగుపడకండి.