జంగు ఇచ్చిన నెత్తురు

జింగనూర్,
12 సెప్టెంబర్ 1986

హైదరాబాద్ ల్యాబు డాక్టరు గారికి దండాలు.

మా పాపకున్న సికిల్ అనే నెత్తురు జబ్బు గురించి మీరు పంపిన కాగితం అందింది. డీఎన్ఏను ముక్కలుగా కోసి చూశామని, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇద్దరి వైపునా వస్తేనే బిడ్డకు ఈ జబ్బు ఉంటుందని, తండ్రి నెత్తురులో మాత్రం అది లేదని రాశారు. మా అన్న దాన్ని తన వాకిట్లో అందరికీ చదివి వినిపించాడు. "అంటే పిల్ల మనది కాదన్నట్టే గదా" అన్నది మా అమ్మ. నా భార్య రాజుబాయి పాపను ఎత్తుకొని బామ్నిలో పుట్టింటికి వెళ్లిపోయింది.

అయ్యా, ఆ నెత్తురు నాది కాదు. మీ మనిషి మా ముగ్గురి నెత్తురు తీసుకోవడానికి వచ్చిన రోజు, సూది చూడగానే నేను వెనక్కి జరిగాను. రాజుబాయి అప్పటికే తనదీ పాపదీ ఇచ్చి బయటికి వెళ్లింది, ఇదేదీ చూడలేదు. నా పేరు పిలిస్తే దోస్తు జంగు లేచి, "నేనిస్త తియ్, ఎవలదైతేంది" అన్నాడు. రోడ్డు పనికి ఒకరి బదులు ఇంకొకరు పోయినట్టే అనుకున్నాను. వాకిట్లో అందరి ముందు ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడ్డాను.

మీ మనిషిని మళ్లీ పంపండి. ఈసారి నేనే ఇస్తాను. పాప మోకాళ్లకు రాసే నూనె గిన్నె పొయ్యి పక్కనే ఉంది. ఇంట్లో నేనొక్కణ్నే.

మొన్న బామ్ని దాకా పోయి, వాళ్ల దడి బయట నిలబడి తిరిగొచ్చాను. మీకు రాసిన ఈ మాట ఆమెకు చెప్పలేకపోయాను. పాప నన్ను చూసి దడి సందులోంచి చెయ్యి చాపింది. ఆ రోజు ఏడవకుండా సూదికి చాపిన చెయ్యే అది.

ఆ పాప తండ్రి